మూడువందల పది గ్రాములు

ఎల్ ఆల్తోలో తెల్లవారితే గాలికి కూడా కరువే.
నాలుగువేల మీటర్ల ఎత్తున
కిటికీ అద్దం మీద పేరిన మంచును
వేలిగోటితో గీకి చూస్తాను:
ఎర్ర కేబుల్ కారు జనంతో లోయలోకి దిగుతోంది,
ఖాళీది పైకి వస్తోంది.

నా పని తూకం.
పుట్టినవాళ్ళను నర్సులు తూస్తారు,
వాళ్ళను మోసినదాన్ని నేను.

ఈ ఉదయం స్టీలు పళ్ళెంలో నెమేసియా తార్కీ మావి.
బొడ్డుతాడు కోసి, గడ్డలు తుడిచి, పొరలు ఒలిచి పెడితే
ముల్లు మూడువందల పది దగ్గర ఆగింది.
రెండో అంతస్తులో, గాజుపెట్టెలో,
దీన్నే నమ్ముకున్న పిల్ల
పద్దెనిమిది వందల ఎనభై.
నెలలు నిండాయి, పిల్ల నిండలేదు.

"తిండి తినలేదా?"
అందరిదీ మొదటి మాట అదే.
అత్త అడిగింది, వార్డు ఆయా అడిగింది,
పురుడు పోసిన కుర్ర డాక్టరు
కాగితంలోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

తిన్నది.
మినీబస్సు తలుపు పట్టుకు వేలాడుతూ
స్టాపుల పేర్లు అరిచే పని నెమేసియాది.
అరిచే గొంతుకు ఆకలెక్కువ.
పొద్దున్నే ఊదారంగు మొక్కజొన్న జావ,
మధ్యాహ్నం ఉడకేసిన దుంపలు, జున్ను,
ఏడో నెలలో మొగుడు అప్పుచేసి తెచ్చిన లామా మాంసం…
ఒక్కో ముద్దకూ లెక్క చెప్పింది,
దొంగతనం మోపినవాళ్ళ ముందు
సంచీ బోర్లించి చూపినట్టు.

నేనప్పుడు చెప్పలేకపోయింది ఇది:
ఆ ఏడాది దారులు మూసేశారు గుర్తుందా,
పదిహేడు రోజులు?
ఒరూరో రోడ్డు మీద లారీల్లోనే దుంపలు మొలకెత్తాయి,
ఇక్కడ సంతలో తక్కెళ్ళు గాలికి ఊగాయి.
పండించినవాడి తప్పా అది?
పొయ్యి ముందు కూర్చున్నదాని తప్పా?

ఇదీ అంతే.
రెండు నెత్తుళ్ళు ఎన్నడూ కలవవు.
నడుమ ఉల్లిపొర కన్నా పలచని పొర,
దాని మీద కూలీలు.
చక్కెర మోసేవాళ్ళు, మాంసకృత్తుల తునకలు మోసేవాళ్ళు,
ఇనుము, సున్నం, కొవ్వు,
ఎవరి మూట వాళ్ళది, ఎవరి గుమ్మం వాళ్ళది.
కొందరు పనిలోకి రాలేదు.
వెడల్పు కావలసిన ధమనులు సన్నగానే ఉండిపోయాయి.
అవతల ఒక పిల్ల
వచ్చిన కాస్తా తలకు పంపుకుని
పొట్టనూ తొడలనూ పస్తు పెట్టింది.
పుట్టకముందే పొదుపు.

ఈ ఎత్తులో మావి ఒక బేరం ఆడుతుందంటుంది
మా డాక్టర్ ఇర్మా అయవీరి:
దొరికిన ఆక్సిజన్ బిడ్డకు వదిలేసి
తాను చక్కెర కాల్చుకు బతుకుతుందట.
అంటే, ఊపిరి ఇచ్చి అన్నం తిన్నదన్నమాట.
మెచ్చుకుందామంటే పిల్ల బరువు అడ్డొస్తుంది,
తిడదామంటే పిల్ల బతికుంది.
"ఇంకా తేలలేదు, ఎక్కడా రాయకు" అంది ఆవిడ.
రాయలేదు. ఇక్కడ తప్ప.

పదకొండింటికి అమ్మమ్మ వచ్చింది,
టోపీ తీయకుండా, చేతిలో కొత్త ఉన్నిగుడ్డతో.
"మావి ఇవ్వండి."
ఆ మాట ఎలా విన్నా ఒకటే అర్థం.
కడగాలి, పూలు పెట్టాలి, ఇంటి నేలలో పాతాలి,
లేకుంటే పిల్లకు కళ్ళు మండుతాయి,
తల్లి ఎముకల్లో చలి చేరుతుంది.

రెండు దోసిళ్ళలోకి తీసుకుని
ఆవిడా తూచింది.
"అంతా ఉందా ఇందులో?"

అయిదు ముక్కలు, పాచికలంతవి,
నా వెనక సీసాల్లో ఫార్మలిన్‌లో మునిగి ఉన్నాయి.
వాటికి నెమేసియా సంతకం ఉంది,
ఈవిడ సంతకం లేదు.
చెప్పాను.
దారి ఎక్కడ తెగిందో చూడటానికన్నాను,
మీ అమ్మాయి తిన్నదని రుజువు చేయడానికన్నాను.
రెండోది కొంచెం అబద్ధం.
గాజుపలక మీద భోజనం కనబడదు.

చాలాసేపు సీసాల వంక చూసింది.
వీపు మూటలో వెతికి
మూడు కోకా ఆకులు బల్ల మీద పెట్టింది.
"వాటికి తోడు" అని,
మావిని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

ఎవరూ లేనప్పుడు ఆకుల్ని తూచాను.
ముల్లు కదల్లేదు.

సాయంత్రం పైనుంచి కబురు:
పిల్ల పాలు తాగిందట,
ఆరు మిల్లీలీటర్లు,
నోటితో.